గుంతపొంగణాల పెనంలో బుడమేరు

మొన్న ఆదివారం సాయంత్రం వాన మొదలైన పావుగంటకే ఇంట్లో ఫోన్లన్నీ ఒక్కసారిగా కీచుమన్నాయి. ఆకస్మిక వరద హెచ్చరిక. మా అమ్మాయి చేతిలో గరిటె అలాగే పట్టుకుని బేస్‌మెంట్‌లోకి పరుగెత్తింది, సంప్ పంపు తిరుగుతోందో లేదో చూడ్డానికి. నేను కిటికీ దగ్గరికి వెళ్ళాను. ఎదురుగా కాలనీ చెరువు. ఆష్‌బర్న్‌లో కాలనీ కాలనీకీ ఇలాంటివి కనిపిస్తాయి. అందం కోసం తవ్వారేమో అనుకుంటాం గానీ, కప్పుల మీదా రోడ్ల మీదా పడిన వాననీటిని కాసేపు ఆపి, మెల్లగా వాగులోకి వదలడానికి తవ్విన చెరువులవి. రోజూ బాతులు తిరిగే గట్టు సగం నీళ్ళలో ఉంది.

ఏడో తరగతి చదివే మా మనవరాలు పక్కకొచ్చి నిలబడింది. "తాతయ్యా, పైన అన్ని శాటిలైట్లు తిరుగుతున్నాయి కదా. నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయో అవి చూసి చెప్పలేవా?"

మంచి ప్రశ్న. 2024 సెప్టెంబర్‌లో నేనూ ఇదే కిటికీ దగ్గర నిలబడి ఇదే ప్రశ్న వేసుకున్నాను. అప్పుడు మా తమ్ముడు బెజవాడ సింగ్‌నగర్‌లో, పై అంతస్తులో చిక్కుకుపోయి ఉన్నాడు.

బుడమేరు పేరు తెలియని పిల్లల కోసం చెబుతాను. మైలవరం వైపు కొండల్లో పుట్టి, బెజవాడ పక్కనుంచి పారి, కొల్లేట్లో కలిసే వాగు అది. ఎండాకాలంలో దాటి వెళ్ళినా వాగు దాటామని తెలియదు. వానాకాలంలో మాత్రం దాన్ని బెజవాడ దుఃఖం అనేవాళ్ళు పెద్దలు. ఆ వరద ఊరి మీదికి రాకుండా వెలగలేరు దగ్గర రెగ్యులేటర్ కట్టి, మళ్ళింపు కాలువ తవ్వి, నీటిని కృష్ణలోకి పంపే ఏర్పాటు చేశారు. 2024 ఆగస్టు 31, సెప్టెంబర్ 1 తేదీల్లో కురిసిన వానకు ఆ మళ్ళింపు కాలువ గట్టుకు మూడుచోట్ల గండ్లు పడ్డాయి. అవతల కృష్ణ కూడా నిండుగా ఉంది. సెప్టెంబర్ 2న ప్రకాశం బ్యారేజీ దగ్గర ప్రవాహం 11.43 లక్షల క్యూసెక్కులు. కట్టిన నాటినుంచీ ఆ బ్యారేజీ అంత నీరు చూడలేదు. నిండిన నది కాలువ నీటిని ఎక్కడ పట్టుకుంటుంది? నీరు పల్లమెరుగు. ఆ పల్లంలోనే ఉన్నాయి సింగ్‌నగర్, పాయకాపురం, వాంబే కాలనీ, రాజరాజేశ్వరీపేట. మూడు గండ్లూ పూడేసరికి సెప్టెంబర్ 7 వచ్చింది. ఈలోగా మేడల మీద ఉన్నవాళ్ళకు డ్రోన్లతో అన్నం పొట్లాలు పంపారు.

మొదటిరోజు తమ్ముడు ఫోన్లో, "అన్నయ్యా, వీధిలో నడుములోతు ఉంది, మేం పైనే ఉన్నాం" అన్నాడు. రెండోరోజుకు ఫోను మూగబోయింది. ఆ రాత్రి మా అల్లుడు ఎక్కడో ఒక ఉపగ్రహ పటం వెతికి లాప్‌టాప్‌లో పెట్టాడు. మునిగినచోటల్లా నీలం రంగు. ఊరి బయట పొలాలన్నీ చక్కగా నీలంగా పరుచుకుని ఉన్నాయి. ఊళ్ళోకి వచ్చేసరికి రంగు చిరిగిన దుప్పటిలా అక్కడక్కడా ఉంది. మా తమ్ముడి వీధి మీద అసలు నీలమే లేదు. పటం ప్రకారం ఆ వీధి పొడి.

నడుములోతు నీళ్ళున్న వీధిని ఆకాశం పొడిగా ఎందుకు చూసింది? ముప్పై ఏళ్ళు హైస్కూల్లో భౌతికశాస్త్రం చెప్పినవాణ్ణి. దానికి జవాబు దొరికేదాకా నాకు నిద్ర పట్టలేదు. ఆ జవాబే మొన్న మనవరాలికి వంటింట్లో చూపించాను.

వరదను పైనుంచి చూడటం కొత్తేమీ కాదు. అమెరికా 1972 జూలై 23న మొదటి లాండ్‌శాట్‌ను పంపింది. అంతకు సరిగ్గా నెల ముందు, జూన్‌లో, ఏగ్నెస్ తుపాను ఈ వర్జీనియాను ముంచి వెళ్ళింది. ఆ వరదను అందుకోలేకపోయిన ఉపగ్రహం మరుసటి ఏడాది మిసిసిపీ నది పొంగినప్పుడు ఆ మునకను పటం కట్టడానికి పనికొచ్చింది. దాని కిటుకు తేలికే. కంటికి కనబడని ఎరుపు అవతలి కాంతిని, అంటే పరారుణాన్ని, నీరు మింగేస్తుంది. ఆకులు మెరుస్తూ వెనక్కి కొడతాయి. అందుకని ఆ కాంతిలో తీసిన బొమ్మలో నీరు కాటుకలా నల్లగా ఉంటుంది. చిక్కల్లా మబ్బు దగ్గర. వరద వచ్చేదే మబ్బుతో. మబ్బు విడిపోయాక తీసిన బొమ్మ, పెళ్ళయ్యాక వాయించిన సన్నాయి లాంటిది.

అందుకే రాడార్. ఎండ కోసం ఎదురుచూడకుండా తన తరంగాన్ని తనే పంపి, తిరిగొచ్చిన ప్రతిధ్వనిని వినే యంత్రం. ఐరోపావాళ్ళు 2014 ఏప్రిల్‌లో పంపిన సెంటినెల్-1ఏ తరంగం పొడవు ఐదున్నర సెంటీమీటర్ల పైచిలుకు. మబ్బులోని నీటితుంపర్లు దాని ముందు దుమ్ముకణాలంత. వాటిని పట్టించుకోకుండా దిగిపోతుంది. రాత్రయినా ఒకటే, పగలయినా ఒకటే. మన ఇస్రో 2022 ఫిబ్రవరి 14న శ్రీహరికోట నుంచి పంపిన ఈఓఎస్-04 కూడా ఇదే జాతి. ఇలాంటి బొమ్మల మీదే ఆధారపడి హైదరాబాద్ బాలానగర్‌లోని జాతీయ దూరసంవేదన కేంద్రం ఏళ్ళతరబడి వరద పటాలు గీసి ఇస్తోంది.

"సరే, లైట్లు ఆర్పు" అన్నాను మనవరాలితో. వంటింటి గట్టు మీద ఒక పళ్ళెంలో బియ్యం, దాని పక్కన నల్లటి ట్రేలో నీళ్ళు పెట్టాం. టార్చిని దవడకు ఆనించి పట్టుకుని, కాస్త దూరం నుంచి ఏటవాలుగా వెయ్యమన్నాను. రాడార్ కూడా తిన్నగా కిందికి చూడదు. పక్కకి, ఏటవాలుగా చూస్తుంది. బియ్యం తెల్లగా కనిపించింది. నీళ్ళ ట్రే నల్లగా ఉండిపోయింది.

"వెలుగు ఏమైంది తాతయ్యా?"

"ఎదుటి అల్మరా తలుపు చూడు."

తలుపు మీద వెలుగుమచ్చ ఊగుతోంది. నీటి నున్నదనం మీద పడిన వెలుగు అటువైపే జారిపోయింది. మన కంటికి తిరిగి రాలేదు. బియ్యం గరుకు కాబట్టి వెలుగును నలుదిక్కులా చిమ్మింది, అందులో కొంత మనకు చేరింది. రాడార్ బొమ్మలో చెరువు నల్లగా, పొలం బూడిదరంగుగా కనపడటం వెనక ఉన్నది ఇంతే. వేలితో నీటిని కదపమన్నాను. అలలు లేవగానే ట్రేలో మెరుపులు. గాలి వీచే రోజున చెరువు కూడా ఇలాగే రాడార్‌ను మోసం చేస్తుంది.

ఇక అసలు సంగతి. పోపులడబ్బా మూత తీసి, ట్రే అవతలి అంచున నిలువుగా పట్టుకున్నాను. "ఇప్పుడు వెయ్యి." టార్చి వెలుగు నీటి మీద పడి, మూతకు కొట్టుకుని, సూటిగా తన కళ్ళలోకే వచ్చింది. "అబ్బా!" అని కళ్ళు మూసుకుంది పిల్ల.

ఆ మూత మా తమ్ముడి ఇంటి గోడ. ఆ ట్రే వాడి వీధి.

పొలంలో నిలిచిన నీరు తరంగాన్ని అవతలికి జార్చేస్తుంది కాబట్టి నల్లబడుతుంది. వీధిలో నిలిచిన నీరు పక్కనే గోడ ఉండటం వల్ల తరంగాన్ని గోడకు అప్పగిస్తుంది, గోడ ఉపగ్రహానికి అప్పగిస్తుంది. అలా మునిగిన వీధి కొన్నిచోట్ల ముందుకన్నా ఇంకా తెల్లబడుతుంది. నలుపు కోసం మాత్రమే వెతికే పటానికి అది నీళ్ళలా తోచదు. దానికి తోడు ఎత్తయిన మేడల వెనక రాడార్ నీడ పడుతుంది; అక్కడ చుక్క నీరు లేకపోయినా నల్లగానే ఉంటుంది. నున్నటి తారు కూడా అంతే. మా ఇంటికి దగ్గర్లోనే డల్లెస్ విమానాశ్రయం. రాడార్ బొమ్మలో దాని రన్‌వేలు కాలువల్లా నల్లగా ఉంటాయి. అంటే ఊళ్ళో పొడినేల నీళ్ళలా, నీళ్ళు పొడినేలలా కనిపించే ప్రమాదం ఉంది.

దీనికి విరుగుడు లేకపోలేదు. ఒకటి, వరదకు ముందు తీసిన బొమ్మను పక్కన పెట్టుకోవడం. రన్‌వే నిన్నా నలుపే, ఇవాళా నలుపే. కాబట్టి అది నీరు కాదు. రెండోది నాకు ఇంకా నచ్చింది. గుడి మండపంలో ఒకేచోట నిలబడి నిన్న చప్పట్లు కొట్టాం, ఇవాళ కొట్టాం. స్తంభాలు కదలకపోతే ప్రతిధ్వని అచ్చం అలాగే ఉంటుంది. మధ్యలో ఎవరో తెరలు కట్టారనుకోండి, చప్పుడు ఎంతున్నా దాని తీరు మారిపోతుంది. రాడార్ తిరిగొచ్చిన తరంగం బలాన్నే కాక, అది ఏ మెట్టు మీద ఊగుతూ వచ్చిందో కూడా రాసుకుంటుంది. గోడలూ మేడలూ రోజురోజుకీ మారవు గనక, పన్నెండు రోజుల తేడాతో తీసినా ఆ తరంగాల ఊపు చక్కగా కలుస్తుంది. వీధిలోకి నీరు వస్తే ఆ పొంతన చెడిపోతుంది. బొమ్మ తెల్లగా ఉన్నా సరే, పొంతన చెడిందంటే అక్కడ అనుమానించాలి. ఊళ్ళ వరదను పటం కట్టేవాళ్ళు ఇప్పుడు ఈ రెండింటినీ కలిపి చూస్తున్నారు. నేను అల్లుడి లాప్‌టాప్‌లో చూసింది నలుపును మాత్రమే వెతికిన పటం అయి ఉంటుంది.

"మరి ఇక్కడి వరద చూస్తుందా?" పిల్ల కిటికీ వదల్లేదు.

ఇక్కడ చూడటం కష్టం. సెంటినెల్ లాంటిది ఒక దారిన వెళ్ళి మళ్ళీ అదే దారికి రావడానికి 12 రోజులు. వచ్చినా సుమారు పొద్దున ఆరింటికో సాయంత్రం ఆరింటికో వస్తుంది. సింగ్‌నగర్‌లో నీరు రోజులతరబడి నిలిచింది కాబట్టి ఏదో ఒక ఉపగ్రహం కంట పడింది. ఆష్‌బర్న్ నీరు నిలవదు. కప్పులూ రోడ్లూ పార్కింగ్ స్థలాలూ, వాటికి తోడు ఫుట్‌బాల్ మైదానాలంత డేటా సెంటర్లు. నేల తాగాల్సిన నీరు నేలకు అందకుండా పైపుల్లో పడి, తూర్పున బ్రాడ్ రన్‌లోకో పడమట గూస్ క్రీక్‌లోకో ఉరికి, అక్కడినుంచి పొటోమాక్ నదిలో కలుస్తుంది. చిన్న వాగు రెండుమూడు గంటల్లో పొంగి, మనిషిని భయపెట్టి, తీసేస్తుంది. ఉపగ్రహం వచ్చేసరికి గడ్డి మీద బురద తప్ప ఏమీ మిగలదు. వానను కొలిచే ఉపగ్రహాలున్నాయి. నాసా, జపాన్ కలిసి 2014లో పంపిన జీపీఎమ్ సాయంతో అరగంటకోసారి ప్రపంచ వాన పటం తయారవుతుంది. కానీ అందులో ఒక్కో గడి పది కిలోమీటర్లు. ఆష్‌బర్న్ అంతా ఒక గడిలో ఇమిడిపోతుంది.

మొన్న ఫోన్లు కీచుమనడానికి కారణం పక్కూరు స్టెర్లింగ్‌లో నేల మీదున్న వాతావరణ రాడారు, అక్కడి కార్యాలయంలో కూర్చున్న మనుషులు. వాగుల సంగతి చెప్పేవి కొలబద్దలు. మన మెట్రో సిల్వర్ లైన్ మీద నాలుగైదు స్టేషన్లు వెళితే వచ్చే రెస్టన్‌లోనే అమెరికా భూగర్భ సర్వే ప్రధాన కార్యాలయం. వాళ్ళు 1889లో న్యూమెక్సికోలో ఎంబుడో అనేచోట రియో గ్రాండే నది మీద మొదటి కొలబద్ద పెట్టారు. ఇప్పుడు లీస్‌బర్గ్ దగ్గర గూస్ క్రీక్ మీద ఉన్నదానిలాంటివి పావుగంటకోసారి నీటిమట్టం కొలుచుకుని, 36 వేల కిలోమీటర్ల ఎత్తున కదలకుండా నిలిచినట్టుండే ఉపగ్రహానికి కబురు పంపుతాయి. అది కిందికి చేరవేస్తుంది. ఇక్కడ ఉపగ్రహానిది టపా మోసే పని.

నిలిచిన నీటిని చూడొచ్చు. పరుగెత్తే నీటిని ముందే ఊహించాలి. ఆ ఊహకే మోడల్ అని పేరు.

మర్నాడు పిల్ల వాళ్ళ అమ్మమ్మను అడిగి గుంతపొంగణాల పెనం తెప్పించాను. సింకులో పెట్టి, కింద ఒకవైపు చెంచా దూర్చి కాస్త వాల్చాను. పై గుంటలో నీళ్ళు పోస్తూ ఉండమన్నాను పిల్లని. ఆ గుంట నిండింది, అంచు దాటింది, కింది గుంటలోకి పోయింది; అది నిండి ఇంకోదానిలోకి. "ఏ గుంట ఎప్పుడు నిండుతుందో పొయ్యకముందే చెప్పగలవా?" అన్నాను. కాసేపు ఆలోచించి, "గుంటల లోతు, అంచుల ఎత్తు, నేను ఎంత పోస్తున్నానో తెలిస్తే చెప్పగలను" అంది. నా మనసు నిండిపోయింది. వరద మోడల్ చేసేవాళ్ళకు కావలసినవి సరిగ్గా ఆ మూడే.

మన తెలుగునేల మీద గొలుసుకట్టు చెరువులన్నీ ఈ పెనమే. 1908 సెప్టెంబర్ 28న మూసీ హైదరాబాదును ముంచి వేలమందిని పొట్టన పెట్టుకున్నప్పుడు, ఎగువ చెరువులు ఒకదాని తర్వాత ఒకటి తెగడం ఆ నీటికి తోడయింది. నిజాం పిలిపించిన విశ్వేశ్వరయ్యగారు వాన లెక్కలూ పరీవాహక ప్రాంతం లెక్కలూ కట్టి, ఊరికి ఎగువన నీటిని ఆపే జలాశయాలు సూచించారు. ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ అలా వచ్చినవే. కంప్యూటరు లేని రోజుల మోడల్ అది. మా ఎదుటి కాలనీ చెరువు చేసే పనీ అదే, చిన్న ఎత్తున.

ఎత్తుల లెక్క ఎక్కడినుంచి వస్తుంది? 2000 ఫిబ్రవరిలో ఎండెవర్ అనే అంతరిక్ష నౌక పదకొండు రోజులు తిరిగి, రాడార్‌తో భూమి ఎత్తులు కొలిచింది. 30 మీటర్లకు ఒక ఎత్తు చొప్పున ఆ లెక్క ఎవరైనా ఉచితంగా తీసుకోవచ్చు. కొండలకు బాగుంటుంది. ఊళ్ళకు చాలదు. అది చెట్టు తలనీ మేడ కప్పునీ కూడా నేలగా లెక్కేస్తుంది, తప్పు మీటర్లలో ఉంటుంది. సింగ్‌నగర్ లాంటి చదును నేలలో మూరెడు తేడా చాలు, నీరు ఈ వీధికా ఆ వీధికా అనేది మారిపోవడానికి. అందుకే విమానం నుంచి లేజర్ చుక్కలు చల్లి ఆకుల సందుల్లోంచి నేలను తాకే లైడార్ కొలతలు కావాలి. అమెరికా సర్వే సంస్థ అడిగే ప్రమాణంలో ఎత్తు తప్పు పది సెంటీమీటర్ల లోపు. మన ప్రతి పట్నానికీ అలాంటి కొలత ఉండాలని, అది ప్రజలందరికీ అందుబాటులో ఉండాలని నాకు చాలా గట్టిగా అనిపిస్తుంది.

ఆ నేలను చిన్న చిన్న గళ్ళుగా కోస్తారు. ప్రతి గడీ పక్క నాలుగు గళ్ళనూ చూసి, నా నీటిమట్టం నీకన్నా ఎక్కువా అని అడిగి, ఎక్కువైతే కొంత పంపుతుంది. ఎంత వేగంగా పంపాలనేది నేల గరుకును బట్టి. దానికి ఐర్లండ్ ఇంజనీరు మానింగ్ పేరుతో ఒక సంఖ్య ఉంది: నున్నటి కాంక్రీటుకు 0.013 చుట్టుపక్కల, దట్టమైన పొదలకు సుమారు 0.1. అంటే వాగు ఒడ్డున పొదలు కొట్టేసి కాంక్రీటు పోస్తే నీరు పైవాళ్ళ ఇంటినుంచి త్వరగా పోతుంది, కిందివాళ్ళ ఇంటికి త్వరగా వస్తుంది. ఈ లెక్కంతా చేసే హెచ్‌ఈసీ-రాస్ అనే ప్రోగ్రామును అమెరికా సైన్యపు ఇంజనీర్ల దళం ఉచితంగా ఇస్తోంది. వీధి కింద పైపుల లెక్కకు 1971 నుంచీ ఎస్‌డబ్ల్యూఎంఎం ఉంది.

గడి సగం చేస్తే పని ఎంత పెరుగుతుంది అని అడిగాను. "రెండింతలు" అంది వెంటనే. కాదు. అడ్డంగా రెండింతలు, నిలువుగా రెండింతలు, నాలుగు. గడి చిన్నదైతే నీరు దాన్ని సగం సమయంలోనే దాటేస్తుంది కాబట్టి లెక్క కూడా రెండింతలు తరచుగా చెయ్యాలి. మొత్తం ఎనిమిదింతలు. ఊరంతటినీ మీటరు గళ్ళుగా కోసి, వాన పడుతుండగానే జవాబు కావాలంటే, మన వీధి చివర కిటికీల్లేకుండా హోరుమంటున్న ఆ డేటా సెంటర్ల లాంటివాటి బలం కావలసిందే.

అయినా మోడల్ తనకు చెప్పినదాన్నే నమ్ముతుంది. గట్టు తెగుతుందని చెప్పకపోతే దాని లెక్కలో గట్టు తెగదు. కాలువ లోతు కాగితం మీద రెండు మీటర్లని ఇస్తే, పూడిక నిండి మీటరే మిగిలినా రెండు మీటర్ల నీరు పారిస్తుంది. మన ఊళ్ళలో ఈ కాగితానికీ నేలకూ ఉన్న దూరమే ఇళ్ళలోకి నీళ్ళు తెస్తోంది. అందుకని మోడల్ చెప్పినదాన్ని నిజంగా వచ్చిన వరదతో సరిచూడాలి. ఉపగ్రహ బొమ్మ ఇక్కడ మళ్ళీ పనికొస్తుంది. నీటి అంచు ఎక్కడ ఆగిందో బొమ్మ చెబితే, ఆ అంచు దగ్గర నేల ఎత్తు నుంచి లోపలి లోతు లెక్కకట్టొచ్చు. 2025 జూలై 30న మన శ్రీహరికోట నుంచి లేచిన నైసార్ మీద నాకు ఆశ ఉంది. నాసా, ఇస్రో కలిసి చేసింది. దాని రెండు తరంగాల్లో పొడవైనది 24 సెంటీమీటర్లు. ఆకుల్ని దాటి కింద బోదెల చుట్టూ నిలిచిన నీటిని పట్టుకోగలదు. గూస్ క్రీక్ ఒడ్డున అడవికి అలాంటి కన్నే కావాలి.

వీధుల్లో మాత్రం ఇప్పటికీ గోడే సాక్షి. వరద తీశాక అమెరికా సర్వే మనుషులు గోడల మీదా చెట్ల మీదా అంటుకున్న బురద గీతల్నీ గడ్డిగింజల వరసల్నీ వెతికి, వాటి ఎత్తు కొలిచి రాసుకుంటారు. ఇది చెబుతుంటే పిల్ల అడ్డొచ్చింది. "చిన్నతాతయ్య ఇంటి గోడ మీద గీత ఉందా?"

అప్పటికి బెజవాడలో తెల్లవారింది. ఫోను చేశాం. తమ్ముడు లేచి కాఫీ తాగుతున్నాడు. గీత ఉందిరా, కానీ ఈ దసరాకి రంగులు వేయిద్దామనుకుంటున్నాం అన్నాడు పిల్లతో. "ముందు కొలవండి" అంది పిల్ల. "అరుగు మీదనుంచి కాదు, రోడ్డు మధ్యనుంచి." వాడు మరదల్ని పిలిచి టేపు పట్టించుకున్నాడు. ఒక కర్రను అడ్డంగా పెట్టి, గీత నుంచి రోడ్డు మధ్యకు మట్టం చూసి, కొలిచాడు. నాలుగడుగుల రెండంగుళాలు. పిల్ల తన నోటుబుక్కులో తేదీ వేసి, వీధి పేరు వేసి, పక్కన ఆ అంకె రాసుకుంది. రంగు వేసేటప్పుడు గుమ్మం పక్కన జానెడు మేర ఆ గీతను అలాగే వదిలెయ్యమని నేను చెప్పాను. సరే అన్నయ్యా అన్నాడు.